పచింకోని తెలుగులో ఏమని రాయాలి? పిన్‌బాల్ అన్నందుకు చీవాట్లు పడ్డాయి

ఉపశీర్షికల_ఉమ

జపాన్ మీద తీసిన ఒక డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. నాకు జపనీస్ రాదు, ఇంగ్లీషు స్క్రిప్టు చూసే రాయాలి. రెండో భాగంలో ఒక పెద్దాయన "రిటైరయ్యాక పొద్దున్నే పచింకోకి పోవడమే నా ఉద్యోగం" అంటాడు. చూసేవాళ్లకి తెలియాలి కదా అని నేను "పిన్‌బాల్ ఆడటమే నా ఉద్యోగం" అని పెట్టాను. సరిచూసే ఆయన ఎర్రగీత కొట్టి "పిన్‌బాల్ కాదు, తెలుసుకుని రాయండి" అని తిప్పి పంపాడు. తెలుసుకుని ఏం రాయాలో మాత్రం చెప్పలేదు.

పచింకోనా, పాచింకోనా, పచ్చింకోనా? లేక మనకి ఏదైనా మాట ఉందా? నాకున్నది ఒక్క వరుస, రెండు సెకన్లు. పక్కన వివరణ రాసే చోటు లేదు.

భీమవరం_బుల్లోడు

పచ్చింకో అంటే పచ్చడి ఇంకో ముద్ద వెయ్యమన్నట్టు ఉందండి.

గులేరు_గాడు

పిన్‌బాల్ అంటే తప్పేంది? రెండిట్లో గోలీ ఉంటది, రెండిట్లో మేకులుంటయి. సార్‌కి ఎర్ర పెన్ను కొత్తగా కొన్నట్టుంది.

నిషికసాయి_నాని

తప్పే అన్నా. తొమ్మిదేళ్లుగా టోక్యోలో ఉన్నాను, ఆ శబ్దం వినకుండా స్టేషన్ నుంచి ఇంటికి పోలేను కాబట్టి చెప్తున్నా.

పిన్‌బాల్ బల్లలా పడుకుని ఉంటుంది. బంతి ఒకటే. కింద రెండు రెక్కలుంటాయి, బంతి జారిపోకుండా వాటితో కొడుతుంటావు. పచింకోలో రెక్కల్లేవు. యంత్రం గోడకి ఆనించిన బీరువాలా నిలబడి ఉంటుంది. అద్దం వెనక ఇత్తడి మేకులు వందల్లో. కుడిచేతి వైపు కింద ఒక గుండ్రటి పిడి. అది తిప్పి పట్టుకుంటే ఉక్కు గోళీలు ఒకదాని వెనక ఒకటి పైకెగిరి మేకుల మధ్య నుంచి రాలుతుంటాయి. మధ్యలో ఉన్న చిన్న గూట్లో గోళీ పడిందా, తెర మీద మూడు అంకెలు తిరుగుతాయి. మూడూ కలిస్తే కింద ఒక తలుపు తెరుచుకుంటుంది. అందులో పడ్డ ఒక్కో గోళీకి పదీ పదిహేను గోళీలు నీ పళ్లెంలోకి వస్తాయి. కలవకపోతే అన్నీ అడుగున ఉన్న బొక్కలోకి పోతాయి. నువ్వు చేసేదల్లా ఆ పిడి ఎంత తిప్పాలో చూసుకోవడమే.

ఆ మధ్య గూడుని వాళ్లు "హెసో" అంటారు. అంటే బొడ్డు.

గులేరు_గాడు

మన సినిమాలోళ్లు బొడ్డు మీద పండ్లు ఏసిన్రు, వాళ్లు గోలీలు ఏస్తున్నరు. గంతే తేడా.

భీమవరం_బుల్లోడు

😂😂 ఇక ఈ చర్చ ముగించెయ్యొచ్చండి.

పదాలపురుగు

ముగించకండి, ఇంకా మొదలే కాలేదు.

ఉమగారూ, పచింకో అనే రాయండి. దీర్ఘం వద్దు. జపనీస్‌లో మొదటి అక్షరం పొట్టిదే. పాచింకో అనేది సాగదీసిన రూపం. మన లిపికి ఇంకో సుఖం కూడా ఉంది. క ముందు సున్న పెడితే మనం సహజంగా పలికే ముక్కు శబ్దమే వాళ్లూ అక్కడ పలుకుతారు. ఇంగ్లీషు అక్షరాల కంటే తెలుగు అక్షరాల్లోనే ఆ మాట బాగా అమరుతుంది.

ఇక పుట్టుక. "పచిపచి" వాళ్ల ధ్వన్యనుకరణ మాట. కట్టెలు మండేటప్పుడు, చప్పట్లు కొట్టేటప్పుడు, చిన్న గట్టి వస్తువులు ఒకదానికొకటి తగిలేటప్పుడు వాడతారు. అంటే మన చిటపట. చివరి "కో" ఒక చిన్న ముద్దు తోక. చిటపటకి తోక తగిలిస్తే పచింకో. మనవాళ్లు ఫటఫటా పోయే బండిని ఫట్‌ఫటీ అనలేదూ, అదే దారి.

ఉపశీర్షికల_ఉమ

చిటపట బాగుంది! "పొద్దున్నే చిటపటకి పోవడమే నా ఉద్యోగం."

భీమవరం_బుల్లోడు

దీపావళి టపాకాయల కొట్టు అనుకుంటారండి.

పదాలపురుగు

అనువదించకండి. కరాటే, సునామీ, ఎమోజీ అలాగే ఉంచేశాం, కొంప మునగలేదు. అంతెందుకు, రిక్షా కూడా జపాన్ మాటే. జిన్‌రికిషా, మనిషి బలంతో నడిచే బండి. మధ్యలో ఎక్కడెక్కడో అరిగిపోయి మన బజార్లోకి వచ్చేసరికి రిక్షా అయింది. ఇప్పుడు అది మనది కాదంటే కొట్టేస్తారు.

ఉపశీర్షికల_ఉమ

సరే, పచింకోనే ఉంచుతా. కానీ ఇంకో పేచీ వచ్చింది. నాలుగో భాగం ఇప్పుడే తెరిచాను. పల్లెటూరి ఆవిడ చిన్నప్పటి సంగతులు చెబుతూ "మా తాత చెట్టుకొమ్మ కోసి అన్నయ్యకి పచింకో చేసిచ్చాడు" అంటుంది. ఇంగ్లీషు స్క్రిప్టులో ఆ మాట అలాగే ఉంది. కొమ్మతో బీరువా అంత యంత్రం ఎలా చేస్తారండీ?

గులేరు_గాడు

కొమ్మ కోసి పిలగానికి చేసిచ్చిండంటే ఇంకేముంటది అక్కా, గులేరే. సైకిల్ ట్యూబు కట్టి కాకుల్ని కొట్టేది. నా పేరు చూసి కూడా అడుగుతున్నవ్ 😎

పదాలపురుగు

జోకులేశావనుకున్నా గానీ తమ్ముడూ, నూటికి నూరుపాళ్లు నిజం. జపనీస్‌లో ఆ ఒక్క మాటకే రెండర్థాలు. ఆట యంత్రమూ పచింకోనే, రబ్బరు లాగి రాయి కొట్టే పంగలకర్రా పచింకోనే. లాగి వదిలితే పట్‌మనే చప్పుడే పేరయింది. స్క్రిప్టు రాసినాయన తికమకపడి వదిలేసి ఉంటాడు.

ఉమగారూ, అక్కడ ఉండేలు అని పెట్టండి. ఉండని విసిరే విల్లు ఉండేలు. మట్టి ఉండ కొట్టినా ఉక్కు ఉండ కొట్టినా ఉండే కదా!

నిషికసాయి_నాని

పాత యంత్రాల్లో అయితే అక్షరాలా ఉండేలే. పక్కన లీవరు ఉండేది, ఒక్కో గోళీకి ఒక్కోసారి బొటనవేలితో నొక్కి వదలాలి. 1970ల్లో కరెంటు పిడి వచ్చాక ఆ శ్రమ పోయింది.

లెక్కలమాస్టారు

శ్రమ పోయింది, డబ్బు పోవడం మొదలైంది. ఆ కరెంటు పిడి నిమిషానికి గరిష్ఠంగా 100 గోళీలు వదలొచ్చు. మామూలు రేటు గోళీకి 4 యెన్లు. అంటే నిమిషానికి 400 యెన్లు గాల్లోకి. వెయ్యి యెన్లు పెడితే వచ్చే 250 గోళీలు రెండున్నర నిమిషాల సరుకు. పన్ను లెక్క పక్కన పెట్టాను.

ఇంకోటి. జనం ఎక్కువగా కూర్చునే రకం యంత్రంలో గెలుపు అవకాశం 319కి 1. గమనించండి, అది గోళీకి కాదు. బొడ్డులో పడ్డ ఒక్కోసారికి. వెయ్యి యెన్ల గోళీల్లో బొడ్డు చేరేవి ఏ పదిహేనో ఇరవయ్యో.

భీమవరం_బుల్లోడు

అయితే మాస్టారూ, 319 సార్లు ఆడితే ఒకసారి గ్యారంటీగా తగులుతుందన్నమాట.

లెక్కలమాస్టారు

ఇదిగో, ఈ మాట మీదే ఆ కొట్లన్నీ నడుస్తున్నాయి. 319 సార్లు తిప్పినా ఒక్కసారీ తగలని వాళ్లు నూటికి 37 మంది ఉంటారు. వెయ్యిసార్లు తిప్పినా తగలనివాళ్లు నూటికి నలుగురు. యంత్రానికి జ్ఞాపకం ఉండదు బాబూ. ఇందాకటి 318 సార్లు నువ్వే గుర్తు పెట్టుకుంటావు, అది పెట్టుకోదు.

మేకుల సంగతికొస్తే, క్లాసులో గాల్టన్ బోర్డు చూపిస్తాను నేను. మేకుల వరసల మీంచి పూసలు వదిలితే కింద గంట ఆకారంలో పోగవుతాయి. పిల్లలకి చాలా ఇష్టం. పచింకో మేకులు అలా సమంగా ఉండవు, ఎక్కడ వంచాలో అక్కడ వంచి ఉంటాయి.

నిషికసాయి_నాని

అక్కడే మాస్టారూ నైపుణ్యం. మా ఆఫీసు సీనియర్ ఒకాయన కూర్చునే ముందు అద్దానికి ముక్కు ఆనించి బొడ్డు పైన రెండు మేకుల మధ్య సందు చూసేవాడు. గోళీ 11 మిల్లీమీటర్లు. సందు వెంట్రుకవాసి ఎక్కువున్నా గంట తిరిగేసరికి తేడా తెలుస్తుందంటాడు. మేకుల్ని సుత్తితో సరిచేసేవాళ్లకి "కుగిషి" అని పేరు కూడా ఉంది, మేకుల పనివాడు అని.

లెక్కలమాస్టారు

సందు ఎక్కువైతే బొడ్డులో ఎక్కువ పడతాయి, ఒప్పుకుంటా. పడ్డాక అంకెలు కలవడం లోపలి చిప్పు చేతిలో ఉంది, మీ సీనియర్ ముక్కు చేతిలో లేదు. ఆయన ఓడిపోయే వేగం తగ్గించుకున్నాడు, అంతవరకే నైపుణ్యం.

మాజీ_వకీలు

పైగా అనుమతి వచ్చాక కొట్టువాడు మేకు వంచితే అది అక్కడి చట్టప్రకారం తప్పు. వంచరా అంటే, కుగిషి అనే పేరు ఎందుకు బతికుందో మీరే ఆలోచించుకోండి.

ఉపశీర్షికల_ఉమ

వకీలుగారూ, మంచి సమయానికి వచ్చారు. పచింకో పక్కన "జూదశాల" అని ఒక్క మాట చేర్చొచ్చా? సినిమాలో ఎక్కడా జూదం అనలేదు.

మాజీ_వకీలు

అనరు. అదే అసలు తమాషా. జపాన్ శిక్షాస్మృతి 185వ సెక్షన్ ప్రకారం జూదం నేరం. పచింకో మాత్రం 1948 నాటి వినోద వ్యాపారాల చట్టం కింద నడుస్తుంది, అంటే లైసెన్సున్న వినోదం. కొట్టువాడు గెలిచినవాడికి డబ్బు ఇవ్వకూడదు, వస్తువు ఇవ్వొచ్చు. మరి డబ్బెలా వస్తుంది? మూడు కొట్ల పద్ధతి. మొదటి కొట్టులో గోళీలు ఇచ్చి ఒక "ప్రత్యేక బహుమతి" తీసుకుంటావు. టోక్యోలో అయితే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టిన చిటికెడు బంగారం. దాన్ని పక్క సందులో ఉన్న రెండో కొట్టు డబ్బిచ్చి కొంటుంది. అక్కణ్నుంచి మూడో వ్యాపారి కొని మళ్లీ మొదటి కొట్టుకే అమ్ముతాడు. ముగ్గురికీ ఒకరితో ఒకరికి సంబంధం లేదని కాగితం చెబుతుంది.

గులేరు_గాడు

మా ఊళ్లె వైన్ షాపు, పర్మిట్ రూము, బజ్జీల బండి కూడా గిట్లనే. ముగ్గురికీ సంబంధం లేదు. ముగ్గురూ ఒక్కటే ఇంట్ల ఉంటరు.

నిషికసాయి_నాని

రెండో కొట్టు చూస్తే నవ్వొస్తుంది. అది కొట్టు కాదు, గోడలో కిటికీ. అవతలి మనిషి మొహం కనపడదు. చెయ్యి వస్తుంది, బిళ్లలు తీసుకుంటుంది, నోట్లు వస్తాయి. "థాంక్స్" అన్న గొంతును బట్టి ఎవరో పెద్దావిడ అనుకున్నా.

మాజీ_వకీలు

మనవాళ్లు నవ్వడానికి లేదు. 1968లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసులో తీర్పిచ్చింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడారని పట్టుకున్న కేసు. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నారు. మూడు ముక్కలాట అలాంటిది కాదన్నారు. ఆ గీత పట్టుకునే యాభై ఏళ్లు క్లబ్బులు నడిచాయి. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధించాయి. జూదం ఎక్కడ మొదలవుతుందన్నది ఏ దేశంలోనూ గోళీ చెప్పదు, చట్టం రాసినవాడు చెబుతాడు.

కొత్త_సభ్యుడు_77

[ఈ సందేశం తొలగించబడింది]

అడ్మిన్

ప్లింకో ఆప్ లింకు పెట్టిన సభ్యుణ్ని తీసేశాం. ఇది మూడోసారి. అలాంటి లింకులు కనిపిస్తే నొక్కకుండా మాకు చెప్పండి.

భీమవరం_బుల్లోడు

ప్లింకో, పచింకో చుట్టాలాండీ?

పదాలపురుగు

పోలికే. ప్లింకో 1983లో అమెరికా టీవీ పోటీ ఒకదాంట్లో వచ్చిన బోర్డు. పైనుంచి పెద్ద బిళ్ల ఒకటి వదిలేస్తారు. పచింకో పుట్టుక వేరు. 1920ల్లో జపాన్ మిఠాయి కొట్లలో పిల్లల కోసం బల్లలా పడుకుని ఉండే బోర్డు ఒకటి ఉండేది, కొరింత్ గేమ్ అనేవారు. దాని మూలం యూరప్‌లోని బగటెల్ ఆట. మన ఇళ్లలోనూ ఉండేదిగా, చెక్క బోర్డు, మేకులు, గోళీలు, స్ప్రింగు లాగి కొట్టేది? వేసవి సెలవుల్లో మా ఇంట్లో దాని మీద తన్నుకోని రోజు లేదు. దాన్ని నిలబెట్టి గోడకి ఆనిస్తే పచింకో.

నగోయా_కోడలు

మా ఊరి మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదేంటి! యుద్ధం రోజుల్లో ఆ ఆటని ఆపేశారు. తర్వాత ఇప్పటి రూపం ఇచ్చింది నగోయాకి చెందిన మసమురా తకెయిచి. 1940ల చివర్లో మేకుల్ని సమంగా కాకుండా గుంపులుగా అమర్చి, మధ్యలో గాలిమర లాంటి చక్రాలు పెట్టాడు. గోళీ తిన్నగా పడకుండా తడబడుతూ దిగేది. ఆ తడబాటు చూడటానికే జనం వచ్చారు. సిగరెట్లు, సబ్బులు, చక్కెర దొరకని రోజుల్లో అవే బహుమతులు. ఉమగారూ, "జూదశాల" అని మాత్రం పెట్టకండి, నాకు నచ్చలేదు.

మా కింది ఇంట్లో ఎనభై దాటిన బామ్మ ఉంది. గోళీ 1 యెన్ రేటున్న వరసలోనే కూర్చుంటుంది. చేపలు, తాబేళ్లు ఈదే యంత్రం తప్ప వేరేది ముట్టదు. వేసవిలో ఇంట్లో ఏసీ ఖర్చు కంటే అక్కడ కూర్చోవడమే చవకంటుంది. గెలిస్తే డబ్బు తీసుకోదు, చాక్లెట్లు తెచ్చి మా పిల్లలకి ఇస్తుంది. ఆవిడ్ని జూదరి అంటారా?

లెక్కలమాస్టారు

ఆవిడ్ని అనను. ఆవిడ పక్క వరసలో 4 యెన్ల దగ్గర కూర్చున్నవాణ్ని అంటాను.

నగోయా_కోడలు

అది ఒప్పుకుంటా. ఎండాకాలం ఆ కొట్ల పార్కింగులో పనివాళ్లు కార్ల అద్దాల్లోకి తొంగి చూస్తూ తిరుగుతారు, ఎవరైనా పసిపిల్లల్ని లోపల వదిలేసి ఆటకి పోయారేమోనని. అలా పిల్లలు చనిపోయిన సంఘటనలు జరిగాయి కాబట్టే ఆ కాపలా. మొదటిసారి చూసినప్పుడు వాళ్లేం వెతుకుతున్నారో అర్థం కాలేదు. మా ఆయన చెప్పాక ఆ దారిన నడవడం మానేశాను.

మౌనశ్రోత

ఇక్కడ ఆరేళ్ల నుంచి చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

2018లో ఆన్‌సైట్ మీద వెళ్లాను. ఏ ఊరో, ఏ కంపెనీయో వద్దు. మొదటి ఆదివారం వర్షానికి ఒక కొట్టులోకి దూరాను. 2 వేల యెన్లు పెట్టాను, 31 వేలు వచ్చాయి. నా దురదృష్టం అదే, ఆ రోజు ఓడిపోయుంటే మళ్లీ వెళ్లేవాణ్ని కాదు. నిండిన గోళీల డబ్బాలు కుర్చీ వెనక పేర్చి పెట్టారు. వాటిని డాలర్ పెట్టెలు అంటారట. దారిన పోయేవాళ్లు ఒకసారి డబ్బాల వంక, ఒకసారి నా వంక చూశారు. ఆ చూపే నన్ను చెడగొట్టింది.

ఎనిమిది నెలల్లో 7 లక్షల యెన్ల దాకా పోయాయి. మూడు అంకెల్లో రెండు కలిసి మూడోది తిరుగుతుంటుంది చూడండి, దాన్ని "రీచ్" అంటారు. పాట మారుతుంది, యంత్రమంతా వణుకుతుంది. నాకు రాత్రిళ్లు నిద్రలో కూడా ఆ మూడో అంకె తిరిగేది. ఇంటికి పంపే డబ్బు తగ్గితే ట్యాక్స్ పెరిగిందని చెప్పాను. మా ఆవిడ వచ్చాక ఆఫీసులో లేటని చెప్పాను. అప్పటికింకా లోపల సిగరెట్లు తాగనిచ్చేవారు, 2020 ఏప్రిల్‌లో గానీ ఆపలేదు. నేను సిగరెట్ ముట్టను. కోటు వాసన చూసి ఆవిడే అడిగింది, "మీ ఆఫీసులో అందరూ తాగుతారా?" అని. తలుపు దగ్గరే కూర్చుండిపోయాను.

తర్వాత కోటు జేబులో ఒక గోళీ దొరికింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మాజీ_వకీలు

బయటపడ్డారు, సంతోషం. ఆ గోళీ మాత్రం కొట్టువాడి సొత్తు. అక్కడ గోళీలు అమ్మరు, అద్దెకిస్తారు. బయటికి తీసుకురావడం దొంగతనం కిందికి వస్తుంది.

మౌనశ్రోత

7 లక్షల అద్దె కట్టాను సార్.

గులేరు_గాడు

అన్నా 🙏 గా గోలీ నీదే.

నిషికసాయి_నాని

మీలాంటివాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు అన్నా, చెప్పుకోరు. ఇప్పుడు కొట్లు తగ్గుతున్నాయి. 1990ల్లో దేశం మొత్తం మీద 18 వేల దాకా ఉండేవి, ఇప్పుడు ఏడు వేల లోపే. కుర్రాళ్లు ఫోన్లలో ఆడుకుంటున్నారు. 2023 నుంచి వచ్చిన కొత్తరకం యంత్రాల్లో గోళీని చేత్తో ముట్టుకునే పనే లేదు. అవి లోపలే తిరుగుతుంటాయి, నీకు తెర మీద అంకె మాత్రం కనిపిస్తుంది. కుర్చీ వెనక డబ్బాలూ లేవు.

పదాలపురుగు

ఇక చిటపట కూడా స్పీకర్లోంచే రావాలి కాబోలు.

ఉపశీర్షికల_ఉమ

రెండు వరసలూ పంపేశాను. మొదటిది: "పొద్దున్నే పచింకోకి పోవడమే నా ఉద్యోగం." జూదం, శాల, ఏమీ చేర్చలేదు. వెనక దృశ్యంలో వరసలుగా యంత్రాలు, గోళీల చప్పుడు ఉన్నాయి, చూసినవాళ్లకి తెలిసిపోతుంది. రెండోది: "తాత కొమ్మ కోసి అన్నయ్యకి ఉండేలు చేసిచ్చాడు."

మొదటిది పాసైంది. రెండోదానికి మళ్లీ ఎర్రగీత. "ఉండేలు ఎవరికి తెలుసు? అందరికీ తెలిసిన మాట పెట్టండి."

గులేరు_గాడు

చెప్పిన కదా, గులేరు.

భీమవరం_బుల్లోడు

గులేరు మా వైపు ఎవరికీ తెలియదండి. పంగలకర్ర పెట్టండి.

పదాలపురుగు

ఉండేలుకేం తక్కువయ్యా! శుభ్రమైన మాట.

నగోయా_కోడలు

మా అనంతపురంలో వీటిలో ఏదీ అనం.

ఉపశీర్షికల_ఉమ

పచింకో అనే వదిలేస్తానుండండి.